సౌండ్ తీసేసి చూసే మా బావ

మా బావకి ఏ ఫొటో చూపించినా ముందు ముఖాలు చూడడు, నీడలు చూస్తాడు. మా పిన్ని ఒకసారి దూరదేశం వెళ్ళొచ్చి, జలపాతం ముందు నిలబడి దిగిన ఫొటో ఇంటిల్లిపాదికీ చూపించుకుని మురిసిపోతుంటే, ఈయన కళ్ళజోడు పైకి తోసుకుని, "జలపాతం మీద ఎండ ఎడమ నుంచి పడుతోంది, మీ మీద మాత్రం కుడి నుంచి పడుతోందేం అత్తయ్యగారూ?" అన్నాడు. పిన్ని అక్కడిదాకా వెళ్ళిన మాట వాస్తవమే. వరదొచ్చి దగ్గరికి పోనివ్వకపోతే, పక్కనే ఓ దుకాణంలో జలపాతం బొమ్మ ముందు నిలబడి ఫొటో దిగి వచ్చేసింది. దానివల్ల ఎవరి కొంప మునిగింది? కానీ పదిమందిలో గుట్టు రట్టయ్యేసరికి ఆవిడ ముఖం మాడిపోయింది. అప్పట్నుంచి మా అక్క ఫోన్ చేసినా ఎత్తడం మానేసింది.

"నేనేం అబద్ధం చెప్పలేదుగా," అంటాడు బావ ఇప్పటికీ.

"మీరు నిజం చెప్పరు, మనుషుల్ని పట్టిస్తారు," అంటుంది అక్క.

ఇలాంటి మనిషిని తీసుకొచ్చి నా ఉద్యోగం ఉన్నచోటే కూర్చోబెట్టుకున్నాను. నేను పనిచేసేది ఒక వార్తల చానల్లో. తెర అడుగున అక్షరాలు పరిగెడుతుంటాయే, వాటిని రాసే పని నాది. బావకి అంతకుముందు ఫొటో స్టూడియో ఉండేది. మొటిమలు తీసేయడం, బట్టతల మీద జుట్టు మొలిపించడం, కాలం చేసిన తాతగారిని తెచ్చి కుటుంబం ఫొటోలో కుర్చీ వేసి కూర్చోబెట్టడం ఆయనకి మంచినీళ్ళ ప్రాయం. జనం ఎవరి ఫొటోలు వాళ్ళే ఫోన్లలో తీసుకోవడం మొదలుపెట్టాక స్టూడియోకి తాళం పడింది. ఇన్నేళ్ళు అతుకులు వేసిన మనిషికి అతుకు ఎక్కడుందో కనపడదా అని మా చీఫ్ దగ్గరికి తీసుకెళ్ళాను. చీఫ్‌కి ఆ మాట నచ్చింది. మూడో అంతస్తులో విరిగిన కుర్చీలు పడేసే గది ఒకటి ఖాళీ చేయించి, తలుపుకి 'వాస్తవ పరిశీలన విభాగం' అని బోర్డు కొట్టించాడు. ఆ పేరు పలికే ఓపిక ఎవరికుంది? అందరూ దాన్ని అనుమానం గది అంటారు. బావని అనుమానం గారు అంటారు. కుర్చీలు కూడా సగం అక్కడే ఉన్నాయి, కూర్చుంటే ఒకటి కుడికి, ఒకటి ఎడమకి వాలుతుంది.

బావ పనిచేసే తీరు చూస్తే ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది. వీడియో తెరవగానే సౌండ్ కట్టేస్తాడు. "సౌండ్ ఉంటే కన్ను మోసపోతుందిరా. హోరున సంగీతం పెట్టి చూపిస్తే చెప్పుల స్టాండు కూడా దెయ్యంలాగే ఉంటుంది," అంటాడు. తర్వాత, అందరూ దేన్ని చూసి నోరు తెరుస్తున్నారో దానిమీద చిన్న కాగితం ముక్క అంటించేస్తాడు. కాగితం చుట్టూ ఉన్నదంతా చూస్తాడు. నేల, గోడ, నీటిగుంట, గాలికి కదిలే ఆకు. అబద్ధం చేసేవాడు బొమ్మ మీద పెట్టిన శ్రద్ధ నేలమీద పెట్టడట. ఒక్కో బొమ్మ ఆపి, ముందుకు జరిపి, మళ్ళీ వెనక్కి జరిపి, పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టేదాకా అలాగే కూర్చుంటాడు. నేను కిందనుంచి ఫోన్ చేసి "తేలిందా బావా?" అంటే, "తేలడానికి ఇదేమన్నా పడవా?" అని పెట్టేస్తాడు.

ఆ ఏలియన్ వీడియో వచ్చింది ఇలాంటి మనిషి చేతికి.

కంకర లారీ డ్రైవర్ ఒకాయన పంపించాడు. తెల్లవారే వేళ, మంచు. పాడుబడ్డ క్వారీ పక్కన రోడ్డు. డ్రైవర్ లారీ ఆపి, కిటికీ దించి, ఫోన్‌తో తీశాడు. గట్టు మీద తెల్లటి ఆకారం ఒకటి నడుస్తోంది. ఒళ్ళు సన్నం, తల మాత్రం గుమ్మడికాయంత. ఒక చెయ్యి మామూలుగానే ఉంది. రెండోది మోకాలి దాకా సాగి, ఎముక లేనట్టు ఊగుతోంది. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, అటూ ఇటూ చూస్తుంది, మళ్ళీ కదులుతుంది. అంతకుమించి ఏమీ లేదు.

మా చీఫ్‌కి పండగ వచ్చినట్టయింది. అసలు సౌండ్ తీసేయించి, గుండెలదిరే సంగీతం వేయించాడు. పక్క చానళ్ళవాళ్ళు పరిగెత్తుకెళ్ళకుండా రోడ్డు పక్కన ఉన్న ఊరి బోర్డు కనపడకుండా మసక కొట్టించాడు. ఇక రోజంతా అదే. ఒక కుర్చీలో నమ్మే పెద్దమనిషి, ఎదురు కుర్చీలో నమ్మని పెద్దమనిషి, మధ్యలో మా యాంకరమ్మ. ఫోన్లయితే చెప్పక్కర్లేదు. రిసెప్షన్ వాళ్ళు తలనొప్పి భరించలేక అన్నీ అనుమానం గదికే తిప్పేవాళ్ళు. అది శాకాహారా, మాంసాహారా అని ఒకావిడ. తను వాళ్ళ విమానంలో తిరిగొచ్చానని, కిటికీ పక్క సీటు ఇవ్వలేదని ఒకాయన. ఆ నడక అచ్చం మా అల్లుడి నడకేనండీ, ఒకసారి కనుక్కోండి అని ఇంకొక అత్తగారు. పైకి వెళ్ళినప్పుడల్లా అవి ఎత్తి ఎత్తి నా బుర్ర వాచిపోయింది. బావ మాత్రం ఫోన్ పక్కన పడేసి, ఆ గుమ్మడికాయ తల మీద కాగితం ముక్క అంటించుకుని నేల చూస్తున్నాడు.

మర్నాడు సాయంత్రం దాకా చూశాడు. మధ్యలో నేను పైకి వెళ్తే జుట్టు పీక్కుంటున్నాడు. "కాలు పెట్టినచోట గులకరాయి దొర్లిందిరా. గుంటలో నీడ పడింది, అదీ సరిగ్గానే పడింది. అన్నీ కుదిరాయి. ఈ చెయ్యే అర్థం కావట్లేదు. దీనికి మోచెయ్యి లేదు. బొమ్మ గీసేవాడు ఎంత చేతకానివాడైనా మోచెయ్యి పెట్టడం మర్చిపోడు."

"అయితే నకిలీనే కదా?"

"మర్చిపోడు అంటుంటే మళ్ళీ నకిలీ అంటావేంట్రా? గీసింది కాదు కాబట్టే లేదు."

"మరి ఏమిటది?"

"అది చెప్పడం నా పని కాదు. ఎవరైనా వేలు పెట్టారా లేదా, అంతవరకే నా పని."

ఆ మాట అప్పుడు నాకూ సబబుగానే అనిపించింది.

చీఫ్ ఆగలేక స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. వాలిపోయే కుర్చీలో కూర్చోబోయి, పడబోయి, నిలబడే అడిగాడు. "ఒక్క ముక్కలో చెప్పండి అనుమానం గారూ. నకిలీయా, నిజమా?"

"నకిలీ కాదు సార్."

"అంటే నిజం."

"నకిలీ కాదు అన్నానండీ."

"నకిలీ కానిది నిజం కాక మరేమవుతుందండీ? తెలుగేగా మాట్లాడుకుంటున్నాం."

"వీడియో నిజం సార్. కానీ అందులో ఉన్నది ఏలియన్ అని నేను..."

చీఫ్‌కి కావాల్సింది మొదటి రెండు మాటలే. మిగతావి గోడకి చెప్పుకున్నట్టయింది. ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు. నేనూ వెంటే దిగి సీట్లో కూర్చోగానే నా వెనకాల నిలబడి, "రాయండి. గ్రహాంతరవాసి నిజమే, తేల్చి చెప్పిన నిపుణుడు," అన్నాడు. బావ అలా అనలేదు సార్ అన్నాను. అసలేమన్నాడో పూర్తిగా చెప్పాను. "అంత పొడుగు వాక్యం కింద పరిగెత్తేలోపు జనం చానల్ మార్చేస్తారు," అని నా కుర్చీ పక్కకి లాగి, ఆయనే టకటకా కొట్టేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళు నూరడం తప్ప ఏం చేయగలిగాను?

కాసేపటికే అక్క ఫోన్. "మీ బావ ఏలియన్ ఉందని చెప్పేశాడటగా? ఇటుపక్కావిడ పిల్లల్ని బయటికి పంపాలా వద్దా అని అడుగుతోంది. అటుపక్కాయన కర్రకి నూనె రాసి గుమ్మంలో పెట్టుకున్నాడు. నన్నేం చెప్పమంటావు?"

"బావనే అడగవే."

"అడిగాను. నకిలీ కాదు అంటాడు. మరి ఉందా అంటే, అలా అనలేదు అంటాడు. ఇంట్లో కూడా ఇదే మనిషి. నేను బాగున్నానా అంటే బాగోలేవని చెప్పలేను అంటాడు."

మర్నాడు పొద్దున్నే చీఫ్ చేసిన నిర్వాకం గురించి బావని నాలుగు దులుపుదామని అనుమానం గదికి వెళ్ళాను. ఆయన మీద కోపం ఆయన మీదే తీర్చుకోలేక ఈయన మీదికొచ్చాననుకోండి. "రాసివ్వచ్చుగా, నోటితో ఎందుకు చెప్పావు?" అని నేనంటుంటే, తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. బస్సు కండక్టర్. యూనిఫాం మీదే వచ్చింది, భుజాన టికెట్ల సంచి. ముప్ఫై దాటి ఉంటుంది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. గంటసేపు రిసెప్షన్లో కూర్చోబెట్టి, పిచ్చివాళ్ళని ఎక్కడికి పంపుతారో అక్కడికే పంపారని ఆమెకి తెలియదు.

"సార్, టీవీలో మీరు చూపిస్తున్నది మా నాన్న," అంది.

నేను నెత్తి కొట్టుకోబోయి ఆగాను. అల్లుళ్ళయ్యారు, ఇప్పుడు నాన్నలు మొదలయ్యారు అనుకున్నాను. బావ మర్యాదగానే, "కూర్చోండమ్మా, ఆ కుర్చీ వద్దు, ఇది," అన్నాడు. ఆమె కూర్చోలేదు.

వాళ్ళ నాన్నకి మతిమరుపు జబ్బట. మనుషుల్ని మర్చిపోతాడు, కాలాన్ని మర్చిపోతాడు. కూతురు ఇంకా బళ్ళో చదువుకుంటోందనే అనుకుంటాడు. ఆమె తెల్లారకముందే డ్యూటీకి బయల్దేరితే, పిల్ల బస్సు తప్పిపోతుందని వెనకాలే లేచి వచ్చేస్తాడు. మొన్న గడియ సరిగ్గా పడలేదు. అప్పట్నుంచి కనపడటం లేదు. పోలీసులకి చెప్పింది. చూస్తాం అన్నారు. తెలిసిన చోటల్లా కాళ్ళరిగేలా తిరిగింది. నిన్న డిపోలో టీ తాగుతూ టీవీ వైపు చూసింది.

"తల అంత పెద్దగా ఉందేంటమ్మా?" అన్నాడు బావ.

"చెవులకి చలని దుప్పటి మొత్తం తలకి చుట్టుకుంటాడు. నేను మెడ చుట్టూ కప్పితే విప్పి మళ్ళీ తలకే చుడతాడు."

"చెయ్యి?"

"స్వెట్టర్ ఒక చెయ్యే తొడుక్కుంటాడు సార్. రెండోది మర్చిపోతాడు. అది అలా వేలాడుతూనే ఉంటుంది."

బావ నా వైపు చూశాడు. రెండు రోజులు మోచెయ్యి కోసం వెతికిన మనిషి, అది వట్టి స్వెట్టర్ చెయ్యి అని వినగానే ఎగిరి గంతేయాలా? వేయలేదు. అలవాటు ఎక్కడికి పోతుంది? "ఆయన ఫొటో ఉందా?" అన్నాడు. ఆమె ఫోన్లో చూపించింది. కుర్చీలో నవ్వుతూ కూర్చున్న పెద్దాయన. బావ దాన్ని తెర పక్కన పెట్టి, భుజం కొలత చూశాడు, నిలబడితే ఎంత ఎత్తుంటాడని అడిగాడు, నడిచే వీడియో ఏమైనా ఉందా అన్నాడు. ఆమె అన్నింటికీ జవాబు చెప్పింది. చివరికి, "కుదురుతోంది. కానీ ఖాయంగా చెప్పడానికి ఇది చాలదమ్మా," అన్నాడు.

"ఏం చాలదు సార్? మా నాన్నని నేను గుర్తుపట్టడానికి మీకు రుజువు కావాలా?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "చలికి ఎక్కడ పడి ఉన్నాడో. కర్రలు తీసుకుని జనం వెతుకుతున్నారంటున్నారు. అది ఏ ఊరో చెప్పండి చాలు, నేను పోతాను. అసలు ఆయన ఏమంటూ నడుస్తున్నాడో వినండి, మీకే తెలుస్తుంది. ఆయన ఊరికే నడవడు. సౌండ్ పెట్టండి."

"ఆ సంగీతం మావాళ్ళు వేసిందమ్మా."

"మీ దగ్గర ఉన్నదాంట్లో కూడా లేదా?"

బావ స్పీకర్ వైపు చూశాడు. ఆయన దగ్గర ఉన్నది డ్రైవర్ పంపిన అసలు వీడియో. అందులో సౌండ్ ఉంది. రెండు రోజులూ ఆ గది ఆ సౌండ్ ఒక్కసారి కూడా వినలేదు. ఆయన మెల్లగా చెయ్యి చాచి స్పీకర్ మీట తిప్పాడు. కాగితం ముక్క పీకేశాడు.

ముందు లారీ ఇంజన్ గుర్రుగుర్రుమంది. డ్రైవర్ తనలో తను ఏదో గొణుక్కున్నాడు. గాలి. ఆకారం ఆగి అటూ ఇటూ చూసినప్పుడు, దూరం నుంచి, సన్నగా, వణుకుతూ ఒక గొంతు.

"అమ్మలూ... అమ్మలూ... బస్సు వెళ్ళిపోతుందే. ఎక్కడున్నావే?"

"ఇక్కడే ఉన్నా నాన్నా," అంది కండక్టరమ్మ. తెరతో అంది. అనేసి, భుజాన సంచి జారిపోతే పట్టుకోకుండా అలాగే నిలబడింది.

మా చానల్ చూసినవాళ్ళందరూ ఆయన్ని చూసి హడలిపోయారు, నవ్వుకున్నారు, చర్చలు పెట్టుకున్నారు. ఆయనేమో కూతుర్ని పిలుచుకుంటున్నాడు. మా బావ ఆయన కాలికింద గులకరాయిని కూడా వదలకుండా చూశాడు, ఆ పిలుపు ఒక్కటీ వినలేదు. బావని ఏమనాలో తెలియక, చెయ్యి పట్టుకుని కుదిపాను. "బావా, ఊరి బోర్డు. దీంట్లో మసక లేదుగా. పెద్దది చెయ్యి."

బోర్డు పెద్దది చేసేసరికి ఆమె మాకంటే ముందే చదివేసింది. "ఇది మా డిపో రూటే," అంది. "మా బస్సే ఎక్కి ఉంటాడు. ఇది మీరు చెరిపేయకపోయుంటే నిన్ననే వెళ్ళిపోయేదాన్ని." ఆ మాట తిట్టులా కాదు, మామూలుగా అంది. అంటూనే డిపోకి ఫోన్ కలిపి, ఆ రూట్లో ఇప్పుడు ఏ బస్సు ఉందో, దాని డ్రైవర్ ఎవరో కనుక్కుని, ఆయనకి చెప్పడం మొదలుపెట్టింది. "అన్నా, క్వారీ దగ్గర బస్సు ఆపి చూడన్నా. మా నాన్న. తలకి దుప్పటి ఉంటుంది. భయపడతాడు, గట్టిగా పిలవకండి. అమ్మలూ పంపింది అని చెప్పండి."

ఆమెని ఆటో ఎక్కించి, నేనూ బావా చీఫ్ గదిలోకి దూరాం. ఆ గదిలో గోడనిండా టీవీలు. పక్క చానల్ టీవీలో అప్పుడే క్వారీ కనపడుతోంది. లారీ డ్రైవర్ అందరికీ చెప్పేసినట్టున్నాడు. కర్రలు, ఇనుప చువ్వలు పట్టుకుని జనం తిరునాళ్ళకి పోయినట్టు పోతున్నారు. మావాళ్ళ లైవ్ బండి కూడా అక్కడికే బయల్దేరిందట.

"సార్, అది మనిషి," అన్నాడు బావ. "పెద్దాయన. మతి సరిగ్గా లేదు. కూతురు వచ్చి గుర్తుపట్టింది. వెంటనే టీవీలో చెప్పాలి."

"నిన్న మీరే నిజమన్నారు. ఇవాళ మీరే కాదంటున్నారు. చానల్ పరువేం కావాలి?"

"నేను వీడియో నిజమన్నాను సార్."

"అదే కదండీ మేం వేసింది. సరే, కనుక్కుందాం. ఎవరో వచ్చి మా నాన్న అనగానే వేసేస్తామా? మీ పేరే అనుమానం, మీకు నేను చెప్పాలా? సాయంత్రం లైవ్ అయ్యాక చూద్దాం."

బావ ముఖం చూడాలి. కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. తను పొద్దున ఆ అమ్మాయిని అడిగిన మాటే చీఫ్ ఇప్పుడు తనని అడిగాడు. నేనిక అక్కడ ఆగలేదు. నా సీటుకి పోయి, ఎవర్నీ అడక్కుండా తెర అడుగున కొట్టేశాను. 'క్వారీలో ఉన్నది మనిషి. పెద్దాయన. జబ్బుతో తప్పిపోయారు. దయచేసి కొట్టకండి.' అది కాసేపు పరిగెత్తింది. చీఫ్ చూసి వచ్చి, అందరిముందూ నన్ను చెడామడా తిట్టి తీయించేశాడు. తీయించకపోయినా ఒరిగేదేమీ లేదు. క్వారీలో కర్రలు పట్టుకుని తిరిగేవాళ్ళు టీవీ చూస్తూ తిరుగుతారా? ఇంత చిన్న సంగతి కొట్టేసేదాకా నాకు తట్టలేదు. ఆ రోజు నాకొచ్చినంత దుఃఖం, కోపం కలిసి ఎప్పుడూ రాలేదు.

బస్సు డ్రైవర్ వెళ్ళేసరికే జనం ఆయన్ని చూసేశారు. పాత కంకర మిషన్ షెడ్డులోంచి తల బయటపెట్టాడట. అదిగో అని ఎవరో అరిచారు, ఇంకెవరో రాయి విసిరారు. డ్రైవర్ హారన్ మోగించుకుంటూ బస్సుని జనం మధ్యకి తోలుకెళ్ళి, ప్రయాణికులతో సహా దిగి అడ్డం నిలబడ్డాడు. "మా కండక్టరమ్మ నాన్నరా, చేతులు విరిచేస్తాను" అన్నాడట. ఆ డ్రైవర్ పేరు ఏ చానల్లోనూ రాలేదు. దుప్పటి మందంగా ఉండబట్టి తలకి దెబ్బ పెద్దది కాలేదు. చలికి, ఆకలికి మాత్రం మనిషి సగమయ్యాడు. అదే బస్సులో ఆస్పత్రికి తీసుకొచ్చారు.

సాయంత్రం మా చానల్ మాట మార్చింది. 'ఏలియన్ వీడియో నకిలీ, బండారం బయటపెట్టిన మన బృందం.' బావ ఇంటినుంచి ఫోన్ చేసి మొత్తుకున్నాడు. "నకిలీ కాదు సార్. ఆయన నిజంగా నడిచాడు, నిజంగా పిలిచాడు." చీఫ్ తాపీగా, "ఏలియన్ కాదుగా? అయితే నకిలీయే. మీరొక మాట మీద నిలబడరేంటండీ," అన్నాట్ట. బావ ఫోన్ మంచమ్మీద పడేసి, నోటికొచ్చిన బూతు తిట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట అలాంటి మాట వినలేదని అక్క చెప్పింది.

మర్నాడు ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. వార్డు గుమ్మంలోనే ఎవరో కుర్రకారు నర్సుని అడుగుతున్నారు. "ఆ ఫేక్ తాత ఏ మంచం అండీ? ఒక్క సెల్ఫీ." బావ వాళ్ళ మధ్యకి వెళ్ళి, "ఇక్కడ అలాంటివాళ్ళెవరూ లేరు. పోండి," అన్నాడు. వాళ్ళు పోలేదు. నేను వాళ్ళకంటే గట్టిగా నాలుగు మాటలు అంటే గానీ కదల్లేదు.

పెద్దాయన కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. నుదుటికి కట్టు. కూతురు పక్కన కూర్చుని గిన్నెలోంచి చెంచాతో ఏదో తినిపిస్తోంది. మమ్మల్ని చూసి లేవబోయింది. బావ వద్దని చేత్తో సైగ చేసి, మంచం దగ్గర నిలబడ్డాడు. క్షమించమని అడగడానికే వచ్చాడు, దారంతా ఆ మాటలే సర్దుకున్నాడు. తీరా వచ్చాక పెద్దాయన దుప్పటి అంచు సర్దుతున్నాడు.

"ఎవరు బాబూ నువ్వు?" అన్నాడు పెద్దాయన.

"మీ వీడియో చూశానండీ."

"వీడియోనా? నేనేం చేస్తున్నాను అందులో?"

"మీ అమ్మాయిని వెతుకుతున్నారండీ. అమ్మలూ అని పిలుస్తున్నారు."

పెద్దాయన చెంచా పక్కకి తోసి, దిండు మీంచి లేవబోయాడు. "అవును. బస్సు టైమయింది. దొరికిందా అది?"

బావ కండక్టరమ్మ వైపు చూశాడు. ఆమె తల దించుకుని గిన్నెలో చెంచా తిప్పుతోంది. "చెప్పండి సార్. నిన్నట్నుంచి ఇదే అడుగుతున్నాడు. నేనేనని ఎన్నిసార్లు చెప్పినా నమ్మడం లేదు. బయటివాళ్ళు చెబితే నమ్ముతాడేమో," అంది.

"దొరికిందండీ," అన్నాడు బావ. "ఇదిగో, మీ పక్కనే ఉంది. నేను అన్నీ చూసే చెబుతున్నాను."

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. యూనిఫాం చూశాడు, ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. నా ఒంట్లో ఉన్న ప్రాణమంతా కళ్ళలోకి వచ్చేసింది. చూడు తండ్రీ, ఇంకొక్కసారి సరిగ్గా చూడు అని లోపల లోపలే అరుస్తున్నాను.

"నువ్వు కండక్టరువి కదమ్మా," అన్నాడాయన. "బస్సులో రోజూ ఎంతోమంది పిల్లలు ఎక్కుతుంటారు. మా అమ్మలుని చూశావా?"

"చూశాను నాన్నా," అంది ఆమె, చెంచా మళ్ళీ ఆయన నోటి దగ్గర పెడుతూ. "బస్సెక్కింది. నేనే సీట్లో కూర్చోబెట్టాను."